ఆట మధ్యలో ఆరిపోయే కంప్యూటర్: మీ ఉత్తరంలోని చివరి వాక్యం

ప్రశ్న: మాది విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్ల క్రితం ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుకు నాన్నగారు కొంత కలిపితే కంప్యూటర్ కొనుక్కున్నాను. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్. మొదట్లో జీటీ 1030 గ్రాఫిక్స్ కార్డు ఉండేది. గత అక్టోబరులో దాన్ని తీసేసి ఆర్‌టీఎక్స్ 3060 వేయించాను. చలికాలమంతా బాగానే ఉంది. ఏప్రిల్ నుంచి పెద్ద ఆటలు ఆడుతుంటే పదిహేను నిమిషాలకో అరగంటకో కంప్యూటర్ మొత్తం టక్కున ఆగిపోతోంది. నీలిరంగు తెర రాదు, హెచ్చరికా రాదు. మానిటర్ మాత్రం వెలుగుతూనే ఉండి సిగ్నల్ లేదని చూపిస్తుంది. రెండూ ఒకే 600 వీఏ యూపీఎస్ మీద ఉన్నాయి. వీడియోలు చూసినా, ప్రోగ్రాములు రాసుకున్నా ఎన్ని గంటలైనా ఏమీ కాదు. విండోస్ రెండుసార్లు కొత్తగా వేశాను. దుకాణంలో చూపిస్తే ర్యామ్ మార్చారు, తగ్గలేదు. ఇప్పుడు మదర్‌బోర్డు పోయిందంటున్నారు, తొమ్మిది వేలు అవుతుందట. విండోస్ తన సంఘటనలను నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 అని ఎర్ర గుర్తుతో కనిపిస్తోంది. ఆటల వల్లే కంప్యూటర్ పాడైందని నాన్నగారు అంటున్నారు. నిజమేనా? కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె, ఎస్‌ఎంపీఎస్, కేబినెట్‌తో పాటు వచ్చిందే, 450 వాట్లు. దాని మీది చీటీ ఫొటో పంపుతున్నాను. ఇంకో సంగతి, అలా ఆగిపోయాక ముందున్న బటన్ ఎంత నొక్కినా పని చేయదు. కేబినెట్ వెనకున్న చిన్న స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తేనే ఆన్ అవుతుంది.

సమాధానం: మదర్‌బోర్డు కోసం తొమ్మిది వేలు ఇప్పుడే ఇవ్వకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి, వేడి కావచ్చు, కరెంటు కావచ్చు అని రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటూ వచ్చాను. చివర్లో ‘ఇంకో సంగతి’ అంటూ మీరు చేర్చిన వాక్యం దగ్గర ఆగిపోయాను. దుకాణంలో ఆ మాట చెప్పి ఉండరని నా అనుమానం. చెప్పి ఉంటే వాళ్లు ర్యామ్ జోలికి వెళ్లేవారు కారు.

కేబినెట్ ముందున్న బటన్ కరెంటును నేరుగా కలిపేది కాదు. మీరు నొక్కితే అది మదర్‌బోర్డుకు చెబుతుంది. మదర్‌బోర్డు ఒక సన్నని తీగ ద్వారా ఎస్‌ఎంపీఎస్‌ను లెమ్మని అడుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ లేస్తేనే మిగతావన్నీ లేస్తాయి. ఆ ఎస్‌ఎంపీఎస్‌లో ఒక కాపలా వలయం ఉంటుంది. తన శక్తికి మించి కరెంటు లాగుతున్నా, వోల్టేజీ హద్దు దాటినా, ఎక్కడైనా షార్ట్ అయినా అది వెంటనే తలుపు మూసేస్తుంది. మూశాక గడియ కూడా పెడుతుంది. చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో ఆ గడియ తీయాలంటే గోడ నుంచి వచ్చే కరెంటు పూర్తిగా తెగి, లోపల నిల్వ ఉన్నది కాస్త ఖాళీ కావాలి. మీరు వెనక స్విచ్ ఆపి కాసేపు ఆగడం అంటే తెలియకుండానే ఆ గడియ తీయడమే. ప్రాసెసర్ వేడెక్కి మదర్‌బోర్డే కంప్యూటర్‌ను ఆపి ఉంటే ఎస్‌ఎంపీఎస్‌కు గడియ పడదు. అప్పుడు ముందు బటన్ నొక్కగానే కంప్యూటర్ లేచి, వేడి తగ్గకపోతే మళ్లీ పడిపోతుంది. మీ ఇంట్లో అలా జరగడం లేదు. కాబట్టి నా వేలు మొదట ఎస్‌ఎంపీఎస్ వైపే చూపిస్తోంది.

మీరు రాసిన మిగతా వివరాలు కూడా అటే మొగ్గుతున్నాయి. మానిటర్, కంప్యూటర్ రెండూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి, మానిటర్ ఆరడం లేదు. అంటే కరెంటు యూపీఎస్ దాకా వస్తోంది, యూపీఎస్ నుంచి బయటికీ వస్తోంది. వీడియోలు, ప్రోగ్రాములు గంటల తరబడి నడుస్తున్నాయి. అంటే తేలిక పనికి యంత్రం బాగానే ఉంది. పాత జీటీ 1030 కార్డు తీసుకునేది 30 వాట్లు. కొత్త 3060 నిండు పనిలో తీసుకునేది 170 వాట్లు. ఒక్క కార్డు మార్పుతో బరువు 140 వాట్లు పెరిగింది, మోసే భుజం మాత్రం పాతదే.

ఇప్పుడు మీరు పంపిన ఫొటో చూద్దాం. పైన పెద్ద అక్షరాల్లో 450 అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో గళ్లు గీసి ఉన్నాయి, చదవవలసింది అక్కడే. ప్లస్ 12 వోల్టులు అన్న గడి కింద 24 ఆంపియర్లు అని రాసి ఉంది. పన్నెండును ఇరవై నాలుగుతో గుణిస్తే 288. ఈనాటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. కాబట్టి ఆట ఆడేటప్పుడు మీ పనికి వచ్చేది 288 వాట్లే. మిగిలింది 3.3, 5 వోల్టుల లైన్ల లెక్క. పాత కాలపు కంప్యూటర్లలో వాటి మీద బరువు ఎక్కువగా ఉండేది. 2000లో పెంటియం 4 వచ్చిన కాలం నుంచి ప్రాసెసర్ భారం 12 వోల్టులకు మారిపోయింది. కేబినెట్‌తో పాటు వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్‌లలో చాలా వాటికి ఆ పాత లెక్కే చీటీ మీద మిగిలి ఉంది. మొత్తం కలిపి పెద్ద అంకె వేస్తే కొనేవాళ్లు నమ్ముతారు.

మీ యంత్రానికి ఎంత కావాలో కాగితం మీద వేసి చూడండి. గ్రాఫిక్స్ కార్డుకు 170. మీ ప్రాసెసర్‌కు మామూలుగా 65, దమ్ము కట్టి పరుగెత్తేటప్పుడు ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 117. ఆటల్లో అది సాధారణంగా గరిష్ఠానికి పోదు, డెబ్బై వేసుకుందాం. మదర్‌బోర్డు, ఫ్యాన్లు, డిస్కులకు ఇంకో ఇరవై. మొత్తం 260 దగ్గర తేలుతుంది. 288కి 260 సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ గ్రాఫిక్స్ కార్డు బరువు నిలకడగా ఉండేది కాదు. ఒక పేలుడు దృశ్యం వచ్చినా, కొత్త మైదానం తెర మీదికి వచ్చినా సెకనులో వెయ్యో వంతు కాలానికి అది తన 170ని బాగా దాటి పైకి ఉరుకుతుంది. సగటు చూపించే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఉరుకు కనిపించదు, ఎస్‌ఎంపీఎస్‌లోని కాపలాకు మాత్రం కనిపిస్తుంది. కార్డుల ఉరుకులు ఎంత పెరిగాయంటే, ఎస్‌ఎంపీఎస్‌ల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో వాటిని తట్టుకోవడం గురించి ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. 3060 వేసుకునేవారికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఆ కార్డు చిప్పు తయారుచేసే ఎన్‌విడియా చెప్పడం వెనక ఇదీ ఒక కారణం. అందులో సగమే వాడతాం కదా అని దుకాణాల్లో అంటుంటారు. ఆ మిగతా సగం ఈ ఉరుకుల కోసం, వేసవి కోసం, వయసు కోసం.

వేసవి అన్నాను కదా, అక్టోబరులో వేసిన కార్డు ఏప్రిల్ దాకా ఎందుకు సహించిందన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. ఎస్‌ఎంపీఎస్ వేడెక్కే కొద్దీ అది ఇవ్వగలిగే శక్తి తగ్గుతుంది. మంచి తయారీదారులు తమ వాట్లను 40 లేదా 50 డిగ్రీల వేడిలో కొలిచి చీటీ మీద వేస్తారు. చవక వాటికి 25 డిగ్రీల చల్లదనంలో కొలిచిన అంకె వేస్తారు, లేదా ఏ వేడిలో కొలిచారో చెప్పనే చెప్పరు. విశాఖలో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. గది 34 డిగ్రీలు ఉంటే, గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలిని పీల్చుకునే ఎస్‌ఎంపీఎస్ లోపల 50 దాటడం పెద్ద విషయం కాదు. జనవరిలో అంచు మీద నిలబడినది ఏప్రిల్‌లో అంచు దాటింది.

వేడి వల్లే కంప్యూటర్ ఆగిపోయినప్పుడు ఎలా ఉంటుందో కూడా చెబుతాను. ఈ రెంటినీ కలగాపులగం చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. గాజువాకలో మా మేనల్లుడి కంప్యూటర్ ఇలాగే ఆటలో ఆగిపోయేది. కానీ ఆగేముందు ఆట నత్తనడక నడిచేది, ఫ్యాను హోరెత్తిపోయేది. ఆగిన వెంటనే ముందు బటన్ నొక్కితే లేచేది, లేచిన మూడు నిమిషాలకే మళ్లీ పడిపోయేది. మొదటిసారి ఇరవై నిమిషాలు, రెండోసారి ఏడు, మూడోసారి మూడు. ఇలా వ్యవధి తరిగిపోతూ ఉంటే అది వేడి లక్షణం. కేబినెట్ తెరిచి ప్రాసెసర్ మీది ఫ్యానును వేలితో మెల్లగా కదిపితే ఒక మూల ఊగింది. కంపెనీ ఇచ్చే ఆ ఫ్యానుకు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ గూటాలు ఉంటాయి, ఒక్కొక్కటీ టక్కుమనేదాకా నొక్కాలి. దుమ్ము దులిపినప్పుడు ఎవరో మూడు నొక్కి నాలుగోది వదిలేశారు. ఆ మూల కింద విజిటింగ్ కార్డు దూర్చగలిగినంత సందు ఉంది. ఆ గూటం నొక్కి, ప్రాసెసర్ వేడిని పైకి అందించే పాత థర్మల్ పేస్ట్ తుడిచి బఠాణీ గింజంత కొత్తది వేశాం. అంతకు మించి ఖర్చు కాలేదు.

మీ ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే అది మొదట తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అందుకే ఆట నత్తనడక నడుస్తుంది. అప్పటికీ వేడి ఎక్కుతూనే ఉంటేనే కంప్యూటర్ ఆగుతుంది. మీ 3060 కార్డుకు హద్దు 93 డిగ్రీలు, అదీ ముందుగా వేగం తగ్గించుకునేదే. చివరి క్షణం దాకా ఆట సాఫీగా సాగి ఒక్క రెప్పపాటులో అంతా చీకటైతే అది వేడి పని కాకపోవడానికే ఎక్కువ అవకాశం.

ఇక కెర్నెల్-పవర్ 41. ఈ ఎర్ర గుర్తు చూసి భయపడి విండోస్ మళ్లీ వేసేవాళ్లు ఎందరో. కంప్యూటర్ తిరిగి లేచాక ‘నేను సక్రమంగా ఆగలేదు’ అని విండోస్ రాసుకునే నమోదు అది. పక్కనే 6008 అన్న సంఖ్యతో ఇంకో నమోదు కూడా ఉంటుంది, అదీ అదే మాట చెబుతుంది. ఇల్లంతా కరెంటు పోయినా ఇదే 41 వస్తుంది. ఆ నమోదు తెరిచి వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అన్న చోట సున్నా ఉందో లేదో చూడండి. సున్నా ఉంటే విండోస్ తప్పు దొరికి ఆగలేదని, దాని కాళ్ల కింద నుంచి కరెంటే పోయిందని ఎక్కువ సందర్భాల్లో అర్థం. వేరే అంకె ఉంటే దారి మారుతుంది, అప్పుడు డ్రైవర్లు, ర్యామ్ చూడవలసి వస్తుంది. మీరు విండోస్ రెండుసార్లు వేసినా తగ్గలేదంటే అక్కడ సున్నాయే ఉంటుందని అనుకుంటున్నాను.

ఇంత చెప్పినా, చూడకుండా ఎస్‌ఎంపీఎస్ కొనేయమని మాత్రం చెప్పను. ర్యామ్ అలాగే మార్చారు, మదర్‌బోర్డు కూడా అలాగే మార్చబోయారు. అనుమానాన్ని ఒక పూటలో, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ముందుగా మీ కాలేజీ ప్రాజెక్టులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. పదేపదే ఇలా టక్కున ఆగడం వల్ల రాస్తున్న ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది.

తర్వాత కంప్యూటర్ భాగాల వేడి, వోల్టేజీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, అందులో కొలతలను ఫైలులోకి రాసే ఏర్పాటు ఆన్ చేసి ఆట మొదలుపెట్టండి. కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ లేచాక ఆ ఫైలు తెరిచి చివరి పది వరుసలు చూడండి. ప్రాసెసర్ 70, కార్డు 75 డిగ్రీల దగ్గర ఉండగానే వరుసలు తెగిపోతే వేడి నిర్దోషి. ప్రాసెసర్ 98, 99, 100 అంటూ ఎక్కి తెగిపోతే నా మాట పక్కన పెట్టి మా మేనల్లుడి దారి పట్టండి. అందులో కనిపించే 12 వోల్టుల అంకెను మాత్రం నమ్ముకోకండి. నిజానికి అది 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి, కానీ మదర్‌బోర్డు చెప్పే కొలత చాలాసార్లు సరిగా ఉండదు.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ అని ఒక జారుడు గీత ఉంటుంది. దాన్ని వంద నుంచి డెబ్బైకి తెండి. అప్పుడు మీ కార్డు 170కి బదులు 119 వాట్ల దగ్గర ఆగుతుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో గరిష్ఠ ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు తెర మీద గీసే బొమ్మల సంఖ్యను, 60కి కట్టేయండి. ఇప్పుడు అదే ఆట, అదే చోట, అదే మధ్యాహ్నం రెండు గంటల వేళ గంటసేపు ఆడండి. ఆగకపోతే విషయం కరెంటు మోతలోనే ఉందని దాదాపు తేలినట్టే. గీతను తిరిగి వందకు జరిపి ఆడితే ఆగిపోవాలి. అలా రెండు వైపులా ఒకే జవాబు వస్తేనే నమ్మండి. ఇంకొంచెం ఓపిక ఉంటే, చల్లగా ఉండే పొద్దున ఆరు గంటలకు కూడా గీత వంద మీదే ఉంచి ఒకసారి ఆడి చూడండి. పొద్దున నిలిచి మధ్యాహ్నం పడిపోతే వేసవి గురించి నేను చెప్పినది మీ కళ్లతో చూసినట్టవుతుంది. కొత్తది కొనేదాకా గీతను డెబ్బై దగ్గరే ఉంచుకోండి. ఆటలో పెద్ద తేడా తెలియదు. కార్డునూ ప్రాసెసర్‌నూ కలిపి గంటల తరబడి నలిపే పరీక్షా సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి. ఈ ఎస్‌ఎంపీఎస్‌తో వాటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను. కాపలా సరిగా లేని చవక రకం ఆగకుండా కాలిపోవచ్చు, పోతూ పోతూ పక్కవాటినీ తీసుకుపోవచ్చు.

కేబినెట్ ఒకసారి తెరవక తప్పదు. వెనక స్విచ్ ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకి, ముందు బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి పని మొదలుపెట్టండి. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే ఎనిమిది పిన్నుల కనెక్టరును మెల్లగా లాగి వెలుతురులో చూడండి. ఆ ఎనిమిదిలో 12 వోల్టులు మోసేవి మూడే పిన్నులు. దాని గుండా 150 వాట్లు వెళితే మొత్తం పన్నెండున్నర ఆంపియర్లు, ఒక్కో పిన్ను మీద నాలుగుకు పైగా. పిన్ను గట్టిగా పట్టుకోకపోతే అక్కడే వేడి పుడుతుంది. తెల్లని ప్లాస్టిక్ పసుపు పచ్చగా మారినా, నల్లదైతే ఏదో ఒక రంధ్రం అంచు కరిగినట్టు ఉన్నా, ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన వచ్చినా ఆ తీగను ఇక వాడకండి. ఇంకొకటి కూడా చూడండి. చవక ఎస్‌ఎంపీఎస్‌లలో చాలా వాటికి గ్రాఫిక్స్ కార్డు కోసం ప్రత్యేకమైన తీగే ఉండదు. దుకాణంలో పాత హార్డ్ డిస్కుల నాలుగు పిన్నుల తీగలకు మార్పిడి ముక్క తగిలించి పని కానిచ్చేస్తారు. మీ దాంట్లో అలాంటి ముక్క కనిపిస్తే ఆటలు ఇవాళే ఆపేయండి. ఇది అగ్గి పుట్టించే అతుకు.

లాసన్స్ బే కాలనీ అని రాశారు కాబట్టి ఉప్పు గాలి గురించి చెప్పాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో కిటికీ ఊచలు, గేటు బోల్టులు ఎంత త్వరగా తుప్పు పడతాయో మీకు తెలుసు. అదే గాలిని కంప్యూటర్ ఫ్యాన్లు రోజంతా లోపలికి పీలుస్తాయి. ఊరి లోపలి ఇళ్లలో దుమ్ము పొడిగా ఉంటుంది, ఊదితే పోతుంది. తీరంలో అది తేమనూ ఉప్పునూ పట్టుకుని వేడిని గాలికి వదిలే హీట్‌సింక్ రేకుల మధ్య తడి బూడిదలా అతుక్కుంటుంది. పోర్టుకు దగ్గరగా వన్‌టౌన్‌లో ఉన్నవారికి దీనికి తోడు నల్లని ధూళి. మెత్తని పెయింటు కుంచెతో కదిపి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి, గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది. తడిగుడ్డ వద్దు. పిన్నుల మీద తెల్లని పొక్కు, ఆకుపచ్చని మరక ఉన్నాయేమో చూడండి. కంప్యూటర్‌ను సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టి ఉంటే గది లోపలి గోడ వైపు మార్చండి. కిటికీ గాలి మీకు హాయి, దానికి కాదు. మూడు నెలలకోసారి శుభ్రం చేయడం మన ఊళ్లో ఎక్కువేమీ కాదు.

ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పకండి. బయటి నుంచి ఊదడం వరకే. లోపలి పెద్ద కెపాసిటర్లు ప్లగ్గు పీకాక కూడా 300 వోల్టులకు పైగా నిల్వ ఉంచుకోగలవు. మీ చదువులో కెపాసిటర్ గురించి చదివే ఉంటారు, దాన్ని చేత్తో పరీక్షించవలసిన అవసరం లేదు.

మీ యూపీఎస్ ఇప్పటి తప్పు చేయకపోయినా, అది కూడా చాలదు. 600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లు. ఎస్‌ఎంపీఎస్‌లో కొంత వృథా పోతుంది కాబట్టి లోపల 260 వాట్లు వాడే కంప్యూటర్ గోడ నుంచి 320 దాకా లాగుతుంది, మానిటర్‌తో కలిపితే 350. ఆట మధ్యలో కరెంటు పోతే అది మోయలేక చేతులెత్తేస్తుంది. తర్వాత ఎప్పుడైనా మార్చేటప్పుడు 1100 వీఏ రకం చూసుకోండి. కేబినెట్ తాకితే ఎప్పుడైనా చిన్నగా జివ్వుమంటుందా? అలా ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. తీరప్రాంతపు ఉప్పు నేలలో పాత ఇళ్ల ఎర్త్ కడ్డీలను తుప్పు తినేసి ఉండవచ్చు. అది ఆటల కోసం కాదు, మీ ఇంట్లో అందరి ప్రాణాల కోసం.

పరీక్షల్లో ఎస్‌ఎంపీఎస్ తప్పే అని తేలితే, కొనేముందు స్నేహితుడి దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఒక్క రోజుకు అడిగి తగిలించి చూడండి. దాంతో మధ్యాహ్నం రెండు గంటలు ఆట నిలిస్తే ఇక అనుమానం లేదు. దానితో కూడా ఆగిపోతే అప్పుడు మదర్‌బోర్డు, కార్డు సంగతి మాట్లాడుకోవాలి. ఆ అవకాశం తక్కువే అయినా లేదని చెప్పను. ద్వారకానగర్ దుకాణాల్లో అడిగేటప్పుడు వాట్లు అడగకండి, 12 వోల్టుల మీద ఎన్ని ఆంపియర్లో అడగండి. 550 వాట్ల మంచి రకానికి 45 దగ్గర, 650 వాట్ల రకానికి 54 దగ్గర ఉంటుంది. మీ పాతదాని 24తో పోల్చి చూస్తే తేడా మీకే అర్థమవుతుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉండటం మంచిదే, కానీ అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. ఐదేళ్ల వారంటీ ఇచ్చే తయారీదారు తన సరుకును తాను నమ్ముతున్నట్టు లెక్క. నా సలహా 650. నాలుగేళ్ల తర్వాత కార్డు మార్చుకున్నా అదే పనికొస్తుంది. మదర్‌బోర్డుకు అడిగిన తొమ్మిది వేల కంటే ఖర్చు తక్కువే అవుతుంది. ఊడదీసి తగిలించే తీగలున్న రకం కొంటే ఒక జాగ్రత్త తీసుకోండి. ఒక ఎస్‌ఎంపీఎస్ తీగలు ఇంకో దానికి వాడకూడదు. కొన ఒకేలా ఉన్నా లోపలి వరుస వేరుగా ఉండవచ్చు, డిస్కులు కాలిపోవచ్చు.

మీ నాన్నగారికి ఈ ఉత్తరం చూపించండి. అయ్యా, మీ అబ్బాయి ఆడిన ఆటలు యంత్రాన్ని పాడు చేయలేదు. ఇదే యంత్రం మీద రేపు అతను వీడియో ఎడిటింగ్ చేసినా, త్రీడీ బొమ్మలు గీసినా, చదువులో భాగంగా పెద్ద లెక్కలు గ్రాఫిక్స్ కార్డు మీద నడిపినా సరిగ్గా ఇలాగే ఆగిపోయేది. బరువు ఎత్తినప్పుడు కదా నడుము సంగతి తెలిసేది. ఎంతసేపు ఆడాలన్నది మీ ఇద్దరి మధ్య మాట, దాంట్లో నేను తలదూర్చను. కానీ ట్యూషన్లు చెప్పి డబ్బు దాచుకున్న పిల్లవాడు, ఆగిపోయిన ప్రతిసారీ ఏం జరిగిందో గమనించి ఇంత వివరంగా రాశాడు. దుకాణంలో దొరకని జవాబు అతని గమనింపులోనే ఉంది. కేబినెట్ తెరిచే రోజు మీరూ పక్కన కూర్చోండి, టార్చి పట్టుకునేవారు ఒకరు కావాలి.

చివరగా ఒక మాట అడుగుతున్నాను. కొత్తది వేసుకున్నాక పాత ఎస్‌ఎంపీఎస్‌ను ఐదు వందలకో మూడు వందలకో జూనియర్లకు అమ్మేయాలని అనిపిస్తుంది. తెలిసి తెలిసి ఆ పని చేయకండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి. ఇచ్చేముందు దాని తీగ కొన కత్తిరించండి, ఇంకెవరూ మళ్లీ తగిలించకుండా ఉంటారు.